ఇసుకలో దిగబడిన బండి

సెలవు దినములలో సముద్రతీరమునకు పోవు కుటుంబములకు ఈ కాలమున ఒక చిక్కు పరిచితమగుచున్నది. రోడ్డు ముగిసినచోట కారు నిలిపి నడచి పోవలసినవారు, తమ బండి నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందునది గదా యను ధైర్యముతో దానిని ఇసుకలోనికి దించుదురు. నలుబది యేబది గజములు సుఖముగా సాగును. తరువాత ఇంజను ధ్వని మారును. ఎవరో వెనుకనుండి పట్టి లాగుచున్నట్లు బండి బరువెక్కును. నడపువాడు ఆక్సిలరేటరును మరికొంచెము త్రొక్కును. చక్రములు గిఱ్ఱున తిరుగును, ఇసుక వెనుకకు చిమ్మును, బండి ముందుకు పోవుటకు మారుగా క్రిందికి పోవును. నిమిషము గడవకముందే ఇరుసులు ఇసుకను ఆనుకొనును. చుట్టును జనము మూగి, ఎవరికి తోచిన సలహా వారు చెప్పుచుందురు. సముద్రము మాత్రము ఎవరి మాటయు వినక, తన వేళకు తాను పైకి వచ్చుచుండును.

ఇట్టి బండ్లలో మనకు మొదట తెలిసినది జీపు. 1941 నుండి లక్షల సంఖ్యలో తయారై రెండవ ప్రపంచయుద్ధమున పేరు గడించి, యుద్ధము ముగిసిన కొలది యేండ్లకే మన దేశమందును బిగింపబడి, పోలీసులకు, అటవీశాఖవారికి, ఎన్నికల ప్రచారకులకు అది వాహనమైనది. నాటి జీపు తేలికబండి. నేడు అదే జాతిలో చెప్పుకొను పెద్ద బండ్లు, మనుష్యులతోను సామానుతోను కలసి రెండు టన్నులకు పైబడును. నాలుగు చక్రములు నడచుట వలన బండికి పట్టు హెచ్చును, నిజమే. కాని దాని బరువు తగ్గదు. దాని క్రింది ఇసుకకు బలము రాదు. రెండు చక్రముల బండి రెండు గోతులు త్రవ్వుకొనును, నాలుగు చక్రముల బండి నాలుగు గోతులు త్రవ్వుకొనును. చిక్కంతయు ఈ గోతిలోనే యున్నది గనుక, ఇసుక యెట్టి పదార్థమో మొదట విచారింతము.

ఇసుక గట్టి పదార్థములవలె నిలిచియుండును, ద్రవమువలె జారును. పొడి ఇసుకలో రేణువునకు రేణువునకు నడుమ బంధమేమియు లేదు. ఒకదానిమీద నొకటి ఆని, రాపిడి వలన మాత్రమే నిలుచును. పైనుండి మెల్లగా సమముగా నొక్కినచో రేణువులు ఒదిగి బరువును మోయును. ప్రక్కకు త్రోసినచో జారిపోవును. చక్రము చేయు పని రెండవది: అది నేలను వెనుకకు త్రోసి తాను ముందుకు పోవును. త్రోపును తట్టుకొనగల నేల యుండినప్పుడే చక్రమునకు ఊత.

తడి ఇసుక సంగతి వేరు. పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడునప్పుడు కొంచెము తడిపిన ఇసుకతోనే గోపురములు కట్టుదురు. పొడిదానితోను కట్టలేరు, నీట నానినదానితోను కట్టలేరు. కొద్దిపాటి తడి యున్నపుడు రేణువుల నడుమ నిలిచిన సన్నని నీటిపొరలు తలతన్యత చేత రేణువులను దగ్గరకు లాగి పట్టుకొనును. నీరు సంపూర్ణముగా నిండినచో ఆ పట్టు పోవును. పైగా నీట మునిగిన వదులు ఇసుకను అదిపినచో, నడుమనున్న నీరే బరువును మోయజూచి, రేణువులు తేలియాడి, అంతయు గంజివలె అగును. అందుచేత ఒకే తీరమున మూడు విధముల నేల యుండును. పోటునీరు ఎన్నడును అందని పైభాగమున గాలి పోసిన పొడి ఇసుక. పోటు వచ్చి తీసిన నడిభాగమున తడిసి బిగిసిన గట్టి ఇసుక. అలలు తాకుచున్న అంచున నీరు నిండిన మెత్తని ఇసుక. నడిమి పట్టీ పైననే బండ్లు సాగును. దానిని చేరుటకు పైనున్న పొడి పట్టీని దాటక తప్పదు. దిగబడు బండ్లలో పెక్కు ఈ దాటుటలోనే దిగబడును.

తడి యిసుకమీద నడచినవారందరును చూచియుందురు: పాదము మోపగనే దాని చుట్టును ఇసుక ఒక్క క్షణము తెల్లబడి పొడిబారినట్లు తోచును. నొక్కినచో నీరు పైకి ఉబుకవలెను గదా, లోనికేల పోవును? ఈ ప్రశ్నకు 1885లో ఆస్బర్న్ రెనాల్డ్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు సమాధానము చెప్పెను. దగ్గరగా సర్దుకొనియున్న రేణువులు కదలవలెనన్నచో ఒకదానిపై నొకటి ఎక్కి దాటవలెను. దాటునపుడు వాని నడుమ ఖాళీ పెరుగును. పెరిగిన ఖాళీలోనికి పైనున్న నీరు ఇంకును. ఒత్తిగా సర్దుకొన్న ఇసుక ఇట్లు కదలుటకు ఒప్పుకొనదు గనుకనే అంత గట్టిగా నుండును. అట్టి నేలమీదనే, అమెరికాలోని డేటోనా తీరమున, 1935 మార్చిలో మాల్కం కాంబెల్ అను నతడు గంటకు 276 మైళ్ళ వేగముతో కారు నడపెను. ఇసుక మోయలేదనుట పొరపాటు. ఏ యిసుక, ఎంత తడి, ఎంత ఒత్తిడి అని యడుగవలెను.

ఒత్తిడి లెక్క ఇంటివద్ద కూర్చుండి వేసికొనదగినది. రెండు టన్నుల బండిలో ఒక్కొక్క చక్రముమీద సుమారు 500 కిలోల బరువు పడును. టైరులోని గాలి చదరపు అంగుళమునకు 32 పౌనులు, అనగా చదరపు సెంటీమీటరునకు రెండుంబావు కిలోలు అనుకొందము. టైరు తాను నేలకు తాకు భాగమందు ఇంచుమించు తన గాలి యొత్తిడితోనే నేలను నొక్కును. 500ను రెండుంబావుచేత భాగించినచో 222 చదరపు సెంటీమీటరులు వచ్చును. అది రెండు పోస్టుకార్డుల వైశాల్యము కూడ కాదు. ఇల్లంత బండి ఎనిమిది పోస్టుకార్డులకన్న తక్కువ చోటుమీద నిలిచియున్నదన్నమాట! పాదములు రెండును మోపి నిలిచిన మనిషి చదరపు సెంటీమీటరునకు మూడవవంతు కిలో కూడ మోపడు. కనుకనే బండి దిగబడిన చోట మనము చులకనగా నడచుచుందుము, నడచుచు ఇసుక గట్టిగనే యున్నదని తలంతుము.

ఇప్పుడు టైరులోని గాలిని సగమునకు, అనగా 16 పౌనులకు తగ్గింతము. బరువు మారదు, ఒత్తిడి సగమగును; కావున నేలకు తాకు చోటు రెండింతలు కావలెను. టైరు చదును పడి పాదము పెరుగును. అడ్డముగా ఉబ్బుట వలన పెరుగునని పలువురు తలంతురు గాని, ఎక్కువగా పెరుగునది నిడివిలోనే. నిడుపైన పాదము ఇసుకను త్రవ్వుటకు మారుగా దానిమీద పరచుకొని పోవును. గాలి నిండిన టైరు తన ముందు ఇసుకను కుప్పగా త్రోసికొని ఎల్లప్పుడును గట్టు ఎక్కుచున్నట్లు శ్రమపడును. మెత్తని టైరునకు ఆ గట్టు చిన్నదగును. ఒక్క పైసా ఖర్చు లేక, పుల్లతోనైనను వాల్వు నొక్కి చేయదగిన ఈ పనిని దిగబడిన తరువాతగాని ఎవరును చేయరు. గాలి కొలిచెడి చిన్న పరికరము మాత్రము దగ్గర నుండవలెను. కంటితో చూచి గాలి యొత్తిడిని చెప్పగలమనువారి మాట నమ్మదగినది కాదు.

ఈ యుపాయమునకు చరిత్ర యున్నది. 1920వ దశాబ్ది చివర ఈజిప్టులో పనిచేయుచుండిన రాల్ఫ్ బాగ్నాల్డ్ అను బ్రిటిషు సైన్యాధికారి సెలవులలో స్నేహితులతో కలసి ఫోర్డు కార్లమీద లిబియా ఎడారిలోనికి పోవుచుండెను. అవి నాలుగు చక్రముల శక్తి గలవి కావు. వెనుక చక్రములు మాత్రమే నడచునవి. ఒంటెలవారు సహితము దాటుటకు జంకిన ఇసుక సముద్రమును ఆ బండ్లు దాటినవి. టైర్లలో గాలి తగ్గించుట, అక్కరలేని బరువు తీసివేయుట, దిగబడినచోట చక్రముల క్రింద ఉక్కు పలకలు పరచుట అతని సాధనములు. ఆ పలకల తొలి జత కైరోలో పాత ఇనుప సామానుల దుకాణమున దొరికినది. మొదటి ప్రపంచయుద్ధమున కందకముల పైకప్పులకై చేసినవి. నేడు రంగురంగుల ప్లాస్టికుతో చేసి అమ్ముచున్న పలకలు వాని సంతతియే. బాగ్నాల్డ్ అంతటితో ఆగక, గాలిలో ఇసుక కదలు తీరును ప్రయోగశాలలో పరిశీలించి 1941లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇసుకతిన్నెలను గూర్చి పనిచేయు శాస్త్రజ్ఞులు నేటికిని దానిని చూచుచుందురు. 1940లో బ్రిటిషువారు ఎడారియుద్ధమునకై నెలకొల్పిన దూరసంచార దళము కూడ అతని యనుభవము నుండి పుట్టినదే.

ఎడారికి లేని శత్రువు తీరమునకు కలదు. అది పోటు. ఇది యెట్లు పనిచేయునో చూచుటకు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరమునకు చేరువనున్న గరి అను దీవిని మించిన చోటు లేదు. చిరకాలము ఫ్రేజరు దీవి యని పిలువబడి, 2023లో అచటి ఆదివాసులైన బుచ్చుల్లా జనుల భాషలోని పూర్వనామమును అధికారికముగా తిరిగి పొందినది. ప్రపంచములోని ఇసుక దీవులలో అదియే పెద్దది. 120 కిలోమీటరులకు మించిన నిడివి కలది. 1992లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. ఆ దీవిలో తారు రోడ్లతో ప్రయాణము సాగదు. లోపలి దారులన్నియు ఇసుక బాటలే. తూర్పు తీరమున డెబ్బదియైదు మైళ్ళ తీరమని పేరొందిన నిడుపాటి ఇసుక పట్టీయే పెద్దబాట. చట్టరీత్యా అది రోడ్డు. వేగమునకు గంటకు 80 కిలోమీటరులని హద్దు కలదు. చిన్న విమానములును దానిమీదనే దిగుచుండును. విమానము వచ్చునప్పుడు కార్లు ప్రక్కకు తొలగవలెను!

అచట నడపువారికి అధికారులు చెప్పు ముఖ్యమైన మాట గడియారమునకు సంబంధించినది. పోటు నిండు వేళకు రెండు గంటల ముందును, రెండు గంటల తరువాతను తీరముమీద బండి నడపరాదు. నిండు పోటునకు మరల నిండు పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి పోటు వేళ రేపటికి ఇంచుమించు 50 నిమిషములు వెనుకబడును. నిన్న ఈ వేళకు సుఖముగా పోయితిమి గదా యనుట చెల్లదు. అమావాస్యకు పున్నమికి పోటు ఎక్కువ ఎత్తునకు వచ్చును. నీరు ఎక్కినకొలది గట్టి పట్టీ సన్నబడును. ఒకవైపు అలలు, రెండవవైపు పొడి ఇసుక; బండి నడుమ ఇరుకున పడును. అదిగాక దీవి లోపలి ఏరులు తీరమున కోసిన గండ్లు కొన్నిచోట్ల అడుగుల లోతున, దూరమునుండి కనబడకుండ నుండును. పడవ దిగిన వెంటనే కాక, పడవ నెక్కబోవు ఇన్‌స్కిప్ కొన యొద్దనే, దీవికి చేరకముందే, మెత్తని ఇసుకలో దిగబడువారు పెక్కురు.

ఆ తీరముమీద మహేనో అను ఓడ తుక్కు తుప్పు పట్టి నేటికిని కానవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున అది ఆసుపత్రి ఓడ. 1935 జులైలో పాత ఇనుముగా అమ్ముడై జపానునకు లాగుకొని పోబడుచుండగా, తుపానులో లాగుడు త్రాడు తెగి, తీరమునకు కొట్టుకొని వచ్చినది. త్రాళ్ళు తెగుటను గూర్చి ముందు మరల ముచ్చటింపవలసి యున్నది.

ఇక బండి దిగబడినదనుకొందము. మొదటి పని ఆక్సిలరేటరు నుండి పాదము తీయుట. ఇది చెప్పుట తేలిక, చేయుట కష్టము. ఏలయన ఇంజను మ్రోయుచుండగా ఏదో చేయుచున్నామను తృప్తి కలుగును. కాని చక్రము ఒక చుట్టు వృథాగా తిరిగిన ప్రతిసారియు పాదము క్రిందనున్న ఇసుకను తీసి వెనుకకు పారవేయుచున్నది. ఇరుసునడుమ నుండు డిఫరెన్షియలు అను పళ్ళచక్రముల అమరిక మలుపులలో రెండు చక్రములు వేరు వేరు వేగములతో తిరుగుటకు ఏర్పడినది. దాని లోపమేమనగా, ఒక చక్రమునకు పట్టు తప్పినచో తిరుగుడంతయు దానికే పోవును. పట్టు గల చక్రము కదలక నిలుచును. నాలుగు చక్రములకు శక్తి యున్నను, ముందొకటియు వెనుకొకటియు మాత్రమే గిరగిర తిరుగుచుండుట ఇందువలననే. దీనిని బంధించు మీట కొన్ని బండ్లలో నుండును. ఉన్నచో తిన్నగా సాగునప్పుడు వాడుకొనవచ్చును. క్రొత్త బండ్లలో చక్రము జారగనే ఇంజను శక్తిని కోసివేయు విద్యుత్ అమరిక యుండును. తడి రోడ్డుమీద ప్రాణరక్షకమైన ఆ యమరిక ఇసుకలో అడ్డము వచ్చును గనుక, దానిని ఆపు మీట యెక్కడనున్నదో ఇంటివద్దనే చూచుకొనుట మంచిది.

రెండవ పని, అందరును దిగుట. అయిదుగురు దిగినచో మూడు క్వింటాళ్ళ బరువు తగ్గును. దిగినవారు పిల్లలను దూరముగా నుంచి, బండి క్రిందికి వంగి చూడవలెను. ఇరుసుగాని చాసిస్సుగాని ఇసుకమీద ఆనియున్నదా? ఆనియున్నచో బరువు చక్రములమీద లేదు, బొజ్జమీద నున్నది. బరువు లేని చక్రము ఎంత తిరిగినను పట్టు దొరకదు. అప్పుడు పార తీయక తప్పదు. బండి క్రింది ఇసుకను తోడివేయవలెను. చక్రములకు ఏ దిక్కున పోదలచినారో ఆ దిక్కున, గోతినుండి పైకి వచ్చుటకు వీలుగా వాలు త్రవ్వవలెను. నిట్టనిలువు గోడ మిగిల్చినచో దాని నెక్కలేక చక్రము మరల దిగబడును. పొడి ఇసుక త్రవ్వినకొలది జారి పూడును. కావున అనుకొన్నదానికి రెట్టింపు తోడవలెను. మహాభారతమున కర్ణుడు దిగబడిన రథచక్రమును భుజబలముతో ఎత్తజూచెను. అతనికి పార తీయుటకు వ్యవధి లేదు. మనకు సాధారణముగా నుండును.

ఏ దిక్కునకు పోవలెననుటలో నూటికి తొంబదిమంది ముందుకే యందురు. వెనుకకు వచ్చుట తేలిక. బండి తాను వచ్చిన దారిలో ఇసుకను నొక్కి గట్టిపరచియే వచ్చినది. ఆ చాళ్ళలో వెనుకకు పోయినచో సిద్ధముగా నున్న బాట దొరకును. ముందున్నది ఇంకను త్రొక్కని మెత్తని ఇసుక. చక్రములు తిన్నగా నున్నవేమో స్టీరింగును చూచుకొనవలెను; ప్రక్కకు తిరిగిన ముందు చక్రము బ్రేకువలె పనిచేయును.

గాలి ఇదివరకు తగ్గింపకపోయినచో ఇప్పుడు తగ్గింపవలెను. 16 పౌనులకు కదలకున్నచో 12 వరకు దింపవచ్చును. అంతకు దిగువకు పోయినకొలది టైరు అంచు రిమ్మునుండి ఊడివచ్చు భయము హెచ్చును. అట్లు వదులైన టైర్లతో వేగముగా పోవుటగాని, చటుక్కున మలుపు త్రిప్పుటగాని తగదు. ఆపై చక్రముల క్రింద పరచుటకు ఏదైన దొరకునేమో చూడవలెను. పలకలు లేనివారికి తాటాకులు, కొబ్బరి మట్టలు, బండిలోని కాలిపట్టలు కొంతవరకు పనికివచ్చును. చక్రము ఒక్కసారిగా తిరిగినచో పరచినది వెనుకకు రివ్వున ఎగిరి, నిలిచినవారి కాళ్ళకు తగులును. కావున వెనుక నెవరును నిలువరాదు. తక్కువ గేరులో, మెల్లగా శక్తి నిచ్చి, చక్రము జారబోవుచున్నదని తోచగనే ఆపి, మరల ఇసుక తీసి, మరల ప్రయత్నింపవలెను. ప్రతిసారి అడుగో రెండడుగులో కదలినను చాలును. జాకీతో ఎత్తదలచినవారు జాకీ క్రింద వెడల్పాటి పలక వేయవలెను. లేనిచో బండి పైకి లేచుటకు మారుగా జాకీ క్రిందికి దిగును. ఎత్తిన బండి క్రింద చేయి గాని తల గాని పెట్టరాదు.

ఈ పనియంతయు అరగంట, ముప్పావుగంట పట్టును. చూచువారికి విసుగు పుట్టును. అప్పుడే ఎవరో ఒకరు మరియొక బండిని తెచ్చి, మోకు కట్టి లాగుదమందురు. ప్రాణాపాయము ఇక్కడ మొదలగును.

లాగుటకై సాగెడు పట్టీలు అమ్ముదురు. లాగు బండి కొంచెము వేగముతో ముందుకు పోవును. పట్టీ రబ్బరువలె సాగి, ఆ వేగమును తనలో దాచుకొని, తిరిగి ముడుచుకొనుచు దిగబడిన బండిని పెరుకును. చక్కని యుపాయమే. దానిలో దాగియుండు శక్తిని గమనింపుడు: రెండు టన్నుల బండి గంటకు 15 కిలోమీటరుల వేగముతో పోవునపుడు దానియందలి శక్తి, అదే బండిని దాదాపు మూడడుగుల ఎత్తునకు లేపుటకు చాలును. ఆ శక్తి యంతయు నిండియున్న క్షణమున కట్టినచోట ఇనుప కొక్కెము విరిగినచో, ఆ ముక్క ఫిరంగి గుండువలె పోవును. బండి వెనుక ట్రెయిలరు తగిలించుటకుండు ఇనుప గుండు నిదానముగా లాగుటకై చేసినది, ఇట్టి కుదుపునకు గాదు. అది విరిగి అద్దము పగులగొట్టుకొని పోయి లోపలివారిని చంపిన సంఘటనలు ఆస్ట్రేలియాలో జరిగినవి. బండి తయారుచేసినవారు లాగుటకని చూపిన స్థానములకే పట్టీని కట్టవలెను. గొలుసులతోను, సాగని తీగ త్రాళ్ళతోను కుదిపి లాగరాదు. పట్టీమీద నడుమ ఒక తడి దుప్పటివంటిది వేసినచో, తెగినపుడు అది ఎగురు వేగము కొంత తగ్గును. నడపువారిద్దరు తప్ప తక్కినవారందరు, త్రాడు నిడివికి ఒకటిన్నర రెట్ల దూరమునకు, అదియు ప్రక్కగా, తొలగవలెను. త్రాటిని దాటుచు నిలుచు కుతూహలపరులను చేతులు పట్టి పంపినను తప్పు లేదు. పార పట్టి ఇసుక తీసిన తరువాతనే లాగినచో ఎంతో తక్కువ బలము చాలుననుటను మరువరాదు. బొజ్జవరకు దిగబడిన బండిని ఉన్నపాటున పెరుకుట లంగరు వేసిన ఓడను లాగుట వంటిది.

పోటునీరు చక్రములను తాకినపుడు పరిస్థితి త్వరితముగా మారును. అల వచ్చి తీసినపుడు, అంచున నిలిచినవారి మడమల క్రిందనుండి ఇసుక జారిపోవుట అందరి యనుభవమే. బండి చక్రముల చుట్టును అదే జరుగును. ప్రతి యలయు కొంత ఇసుకను కోసికొనిపోవును. బండి ఒరుగుచు లోనికి దిగుచుండును. ఒకటి రెండు గంటలలో తలుపులవరకు దిగిన బండ్ల చిత్రములు గరి దీవినుండి తరచు వచ్చుచుండును. కావున దిగబడిన క్షణమున చూడవలసినది, ఆ నాటి పోటు వేళ. నీరు దిగుచున్న సమయమైనచో నిదానముగా పనిచేయవచ్చును. ఎక్కుచున్న సమయమైనచో ఎంతవరకు ప్రయత్నించవలెనో ముందే నిశ్చయించుకొని, ఆ వేళ దాటగనే మనుష్యులు, ముఖ్యమైన కాగితములు పైకి చేరవలెను. బండిని కొనవచ్చును.

మన తీరమున పోటుపాటుల నడుమ భేదము క్వీన్స్‌లాండ్ తీరమునందు కంటె తక్కువ. విశాఖపట్టణమువద్ద పెద్ద పోటులలో సైతము సుమారు ఒకటిన్నర మీటరు. ఆందుచేత గట్టి పట్టీ కూడ సన్ననిదే. బాపట్ల దగ్గరి సూర్యలంకవంటి చోట్ల ఇసుక. మచిలీపట్నము దగ్గరి మంగినపూడిలో నల్లమన్ను. బురదకు ఉపాయములు వేరు, దానిని గూర్చి ఇచట చెప్పుట లేదు. మన తీరమునకు మరియొక విశేషము కలదు. జనవరి మొదలు ఏప్రిలు వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, పోటునీరు అందని ఆ పొడి ఇసుకలోనే గుడ్లు పెట్టి కప్పిపోవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి అత్యున్నత రక్షణ నిచ్చినది. బండి బరువునకు గుడ్లు నలుగును. నలుగక పొదిగి వెలుపలికి వచ్చిన పిల్లలు చక్రపుచాళ్ళలో పడి, సముద్రము చేరలేక, కాకుల పాలగును. అరచేతిలో ఇముడు ఆ జీవికి జానెడు లోతు చాలు పెద్ద కందకమే. అధికారులు అనుమతించిన చోటున దప్ప బండి దించరాదనుటకు నడపువాని క్షేమ మొక్కటే కారణము గాదు. నా మట్టుకు, గట్టునే బండి నిలిపి చెప్పులు చేతబట్టుకొని నడచుటయే తీరమును చూచుటకు తగిన పద్ధతి. కాని జాలరుల సామాను మోయు బండ్లకు, రోగిని తెచ్చు బండ్లకు, రక్షణ సిబ్బందికి ఇసుకలోనికి దిగక తప్పని వేళలుండును గదా.

బండి వెలుపలికి వచ్చిన పిమ్మట త్రవ్విన గోతులను పూడ్చి, పరచిన మట్టలను ఏరి తీయవలెను. చీకటిలో అటు వచ్చు మనిషికి గాని, తరువాతి బండికి గాని ఆ గోయి ఉచ్చగును. తారు రోడ్డు ఎక్కకముందే టైర్లలో మరల పూర్తిగా గాలి కొట్టించవలెను. మెత్తని టైరు రోడ్డుమీద వేగముగా పోవునపుడు దాని ప్రక్కలు నలిగి నలిగి వేడెక్కి పగులును. బండిలో చిన్న గాలిపంపు నుంచుకొనవలసినది ఇందుకే. లేనివారు దగ్గరి పంక్చరు దుకాణమువరకు ఎద్దుబండి నడకతో పోవలెను. ఇంటికి చేరిననాడే మంచినీటితో బండి అడుగుభాగమును, ఇరుసులను, బ్రేకులను బాగుగా కడుగవలెను. ఉప్పునీరు ఆరినకొలది ఇనుమును తినును. ఆ తుప్పు పైకి కనబడుటకు ఏడాది పట్టవచ్చును.